రెండో సర్వీస్ దగ్గర తేలుతుంది

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కింద కూర్చోండి, ఫర్వాలేదు. మీరు దగ్గరుంటేనే నాకు మాట్లాడ్డం తేలిక.

జూనియర్స్ నుంచి ప్రొఫెషనల్ టెన్నిస్‌లోకి ఎలా వెళ్తారో చెప్పమన్నారు. ముందు ఒక మ్యాచ్ సంగతి చెప్తాను. నా దగ్గర ఆడిన ఒక అమ్మాయి, పేరెందుకులెండి, అప్పటికి పదహారేళ్లు. జూనియర్ టోర్నీల్లో వరసపెట్టి గెలుస్తోంది, ఇంట్లో కప్పులు పెట్టడానికి చోటు లేదు. మొదటిసారి ప్రొఫెషనల్ టోర్నీ క్వాలిఫైయింగ్‌కి, అంటే అసలు టోర్నీలో చోటు కోసం ముందు ఆడే మ్యాచ్‌లకి, తీసుకెళ్లాను. అన్నిటికంటే చివర ఉన్న కోర్టు ఇచ్చారు. బంతులందించే పిల్లలు లేరు, పాయింట్ అయ్యాక ఎవరి బంతి వాళ్లే వెళ్లి తెచ్చుకోవాలి. చూసేవాళ్లం నేను, వాళ్ల నాన్నగారు, ఇంకో ఇద్దరు. అవతల ఆడేది ముప్పయ్యేళ్లకు దగ్గరున్న ప్లేయర్, మోకాలికి పట్టీ ఉంది. వార్మప్‌లో ఆవిడ ఆట చూస్తే భయపడాల్సిందేమీ కనిపించలేదు. వాళ్ల నాన్నగారు నా వైపు చూసి ధీమాగా నవ్వారు కూడా.

మొదటి గేమ్, 40-15. మా అమ్మాయి మొదటి సర్వీస్ నెట్‌కి తగిలింది. రెండోది వేయబోతుంటే అవతలావిడ రెండడుగులు ముందుకొచ్చి బేస్‌లైన్, అంటే కోర్టు వెనక గీత, లోపల నిలబడింది. అంతే, ఇంకేం చేయలేదు. మా అమ్మాయి సర్వీస్‌కి ముందు బంతిని నాలుగుసార్లు నేలకు కొడుతుంది, చిన్నప్పట్నుంచీ అదే లెక్క. ఆ రోజు నేను లెక్కపెట్టాను, ఎనిమిదిసార్లు కొట్టింది. డబుల్ ఫాల్ట్, అంటే రెండు సర్వీసులూ తప్పి పాయింట్ పోయింది. తర్వాతి పాయింట్‌లో మళ్లీ రెండో సర్వీస్ వచ్చేసరికి భయపడి మెత్తగా వేసింది, ఆవిడ దాన్ని ఫోర్‌హ్యాండ్‌తో మూలకి కొట్టేసి, బంతి ఎక్కడ పడిందో చూడకుండానే వెనక్కి తిరిగింది. 6-2, 6-1. గంటా ఐదు నిమిషాల్లో అయిపోయింది.

బయటికొచ్చాక కిట్ బ్యాగ్ మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకే మాట అంది: "సార్, ఆవిడ నాకు ఒక్క పాయింట్ కూడా ఊరికే ఇవ్వలేదు."

ఆ మాట కోసమే ఈ మ్యాచ్ చెప్పాను. జూనియర్ మ్యాచ్‌లో మీకొచ్చే పాయింట్లు ఒకసారి లెక్క వేసి చూడండి, మీరు కొట్టి సంపాదించినవి ఎన్ని, అవతలి పిల్లలు తప్పు కొట్టి ఇచ్చినవి ఎన్ని అని. బంతిని నాలుగైదుసార్లు లోపల వేస్తే చాలు, అవతలివాళ్లకి ఓపిక పోయి బయటికి కొట్టేస్తారు. దాంతో పన్నెండు, పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో బోలెడు మ్యాచ్‌లు గెలవచ్చు, కప్పులు కూడా వస్తాయి. ప్రొఫెషనల్స్‌లో ఆ ఊరికే వచ్చే పాయింట్లు ఆగిపోతాయి. ఇంటద్దె, కోచ్ జీతం, టికెట్ ఖర్చులు అన్నీ ఆ ఆట మీదే నడుపుకునే మనిషి మీకు పాయింట్ ఎందుకు ఇస్తుంది చెప్పండి? మీ రెండో సర్వీస్ ఎంత మెత్తగా ఉందో రెండు గేముల్లో పసిగట్టి, ఇక మ్యాచ్ అయ్యేదాకా దాని మీదే పడుతుంది.

మెట్ల సంగతి త్వరగా చెప్పేస్తాను, మీలో చాలామందికి తెలిసిందే. ఐటీఎఫ్, అంటే అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, నడిపే జూనియర్స్‌లో జే30తో మొదలుపెట్టి జే60, జే100, జే200, జే300, జే500, ఆ పైన జూనియర్ గ్రాండ్‌స్లామ్‌లు. పద్దెనిమిదేళ్లు నిండే సంవత్సరం దాకా ఆడొచ్చు. ప్రొఫెషనల్స్‌లో అట్టడుగున మగపిల్లలకి ఎం15, ఆడపిల్లలకి డబ్ల్యూ15. ఆ 15 అంటే మొత్తం టోర్నీకి కలిపి 15 వేల డాలర్ల ప్రైజ్‌మనీ, అందులోంచే అందరికీ పంచాలి. ఎం15లో మొదటి రౌండ్ గెలిస్తే వచ్చేది ఒక్క ఏటీపీ పాయింట్, మగవాళ్ల ప్రొఫెషనల్ ర్యాంకింగ్ లెక్క ఆ పాయింట్ల మీదే. టోర్నీ మొత్తం గెలిస్తే 15. గ్రాండ్‌స్లామ్ గెలిచినవాడికి 2000. ఇక్కడ తల్లిదండ్రులు ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, జూనియర్ పాయింట్లు ఒక్కటి కూడా ఇటు బదిలీ కావు. ప్రపంచంలో జూనియర్ నంబర్‌వన్ అయినా సరే, ఏటీపీ లిస్టులో సున్నా ఉంటే సున్నాయే. అందుకే ఈమధ్య ఏడాది చివర జూనియర్ ర్యాంకింగ్‌లో మొదటి ఇరవైలో ఉన్న పిల్లలకి కొన్ని ప్రొఫెషనల్ టోర్నీల్లో చోటు దొరికేలా ఏర్పాటు చేశారు. మంచి పని. కానీ అది చోటు ఇస్తుంది, గెలుపు ఇవ్వదు కదా.

సరే, ఇప్పుడు ఇద్దరమ్మాయిల గురించి చెప్పాలి. 2023 జనవరి, ఆస్ట్రేలియన్ ఓపెన్ జూనియర్ ఫైనల్. మిర్రా ఆండ్రీవా, అలీనా కోర్నీవా. ఇద్దరికీ పదిహేనేళ్లే. మూడు గంటలకు పైగా ఆడారు, మూడు సెట్లు. కోర్నీవా గెలిచింది. అదే ఏడాది ఫ్రెంచ్ ఓపెన్ జూనియర్ టైటిల్ కూడా కోర్నీవాదే. ఆ రోజు మిమ్మల్ని నన్ను అడిగితే ఎవరు ముందు పైకొస్తారని చెప్పేవాళ్లం?

ఆ ఫైనల్ ఓడిన మూడు నెలలకి ఆండ్రీవాకి మాడ్రిడ్‌లో వైల్డ్ కార్డ్, అంటే ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు ఇచ్చే చోటు, ఇచ్చారు. పెద్ద టోర్నీ, వెయ్యి పాయింట్లది. మొదటి రౌండ్‌లో లేలా ఫెర్నాండెజ్‌ని, అంటే 2021 యూఎస్ ఓపెన్ ఫైనలిస్టుని, ఓడించింది. తర్వాత హద్దాద్ మాయాని, ఆ తర్వాత మగ్దా లినెట్‌ని. మధ్యలో ఆ టోర్నీ జరుగుతుండగానే పదహారో పుట్టినరోజు వచ్చింది. అగ్రశ్రేణి ప్లేయర్ సబలెంకా చేతిలో ఓడి ఆగింది. ఆ వేసవిలో వింబుల్డన్‌కి క్వాలిఫైయింగ్ ఆడి మరీ వెళ్లి నాలుగో రౌండ్ దాకా వచ్చింది. 2024 ఫ్రెంచ్ ఓపెన్ క్వార్టర్స్‌లో అదే సబలెంకాని ఓడించి సెమీస్ చేరింది. 2025లో దుబాయ్, వెంటనే ఇండియన్ వెల్స్, రెండు వెయ్యి పాయింట్ల టైటిళ్లు వరసగా, అప్పటికింకా పద్దెనిమిది నిండలేదు. పక్కన కోచ్‌గా కొంచితా మార్టినెజ్, 1994 వింబుల్డన్ చాంపియన్. కోర్నీవా ఏమో గాయంతో 2024లో నెలల తరబడి ఆటకి దూరమైంది. ఆ అమ్మాయి ఆట తక్కువని నేను ఒక్క క్షణం కూడా అనను. శరీరం ఇంకా పెరుగుతున్న వయసులో ప్రొఫెషనల్ బంతుల బరువు మణికట్టు మీదా, నడుం మీదా, భుజం మీదా ఎలా పడుతుందో ఎవరం ముందే చెప్పలేం. ఫైనల్‌లో గెలిచిందెవరు, ఓడిందెవరు అన్నది చూసి పిల్లల జాతకం రాయకండి, ఆ రెండేళ్లు చూశాక నాకు గట్టిగా అనిపించింది ఇదే.

ఇక అందరూ ఎత్తి చూపించే పేర్లు కొన్ని ఉన్నాయి. పద్దెనిమిదేళ్ల రదుకాను 2021లో 150వ ర్యాంకుతో క్వాలిఫైయింగ్ నుంచి వచ్చి యూఎస్ ఓపెన్ గెలిచింది, పది మ్యాచ్‌లు, ఒక్క సెట్ కూడా ఓడలేదు. అల్కరాజ్ పంతొమ్మిదేళ్లకే 2022లో యూఎస్ ఓపెన్ గెలిచి నంబర్‌వన్ అయ్యాడు. ఇవి విని ఇంటికెళ్లి "నీకు పదిహేడొచ్చాయి, ఇంకా ఏం చేస్తున్నావ్" అని పిల్లల్ని అడిగే తల్లిదండ్రుల్ని నేను ఎంతమందిని చూశానో! వాళ్లకి నేను ఫెదరర్ కథ చెప్తాను. 1998లో జూనియర్ వింబుల్డన్ గెలిచాడు, ఆ ఏడాది చివరికి జూనియర్ నంబర్‌వన్. మరుసటేడు ఫ్రెంచ్ ఓపెన్‌లోనూ వింబుల్డన్‌లోనూ మొదటి రౌండే. నాలుగేళ్లు గడిచాయి. 2002 వింబుల్డన్, అప్పటికి సీడెడ్, అంటే పై ర్యాంకు ప్లేయర్, మొదటి రౌండ్‌లో అవతల ఎవరు? మారియో అన్చిచ్ అని పద్దెనిమిదేళ్ల కుర్రాడు, క్వాలిఫయర్. వరుస సెట్లలో ఓడిపోయాడు ఫెదరర్. ఆ సాయంత్రం ఆయన్ని ఆపి "నీ పని అయిపోయింది" అన్నా ఎవరూ కాదనేవాళ్లు కాదేమో. మరుసటేడు అదే కోర్టుల మీద చాంపియన్. జూనియర్ టైటిల్‌కీ అసలు టైటిల్‌కీ మధ్య ఐదేళ్లు పట్టింది, పట్టింది ఎవరికో చూడండి.

సినర్‌ది ఇంకో దారి. పదమూడేళ్ల దాకా స్కీయింగ్, అందులోనూ చాంపియనే. జూనియర్ టోర్నీలు పెద్దగా ఆడనే లేదు, జూనియర్ ర్యాంకు వందలోపు ఎప్పుడూ రాలేదు. ఆ టైమంతా పెద్దవాళ్ల చేతిలో ఓడుతూ చిన్న ప్రొఫెషనల్ టోర్నీల్లో గడిపాడు. 2019 ఫిబ్రవరిలో బెర్గామో ఛాలెంజర్, అంటే ఎం15ల కంటే పై మెట్టు టోర్నీ, గెలిచేనాటికి పదిహేడేళ్లు, ర్యాంకు ఐదు వందల బయట. మొదటి గ్రాండ్‌స్లామ్ 2024 జనవరిలో. ఫైనల్లో మెద్వెదెవ్ మీద మొదటి రెండు సెట్లూ పోగొట్టుకుని మరీ గెలిచాడు. చిన్నప్పుడు ఓడడం అలవాటైనవాడికి రెండు సెట్లు పోతే ఆట అయిపోయినట్టు అనిపించదేమో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

జూనియర్స్ బాగా ఆడడం వల్ల నష్టమని నేను అనట్లేదు, దయచేసి అలా తీసుకోకండి. యుకీ భాంబ్రీ 2009లో ఆస్ట్రేలియన్ ఓపెన్ జూనియర్ చాంపియన్, జూనియర్ నంబర్‌వన్. అందరూ ఎన్ని ఆశలు పెట్టుకున్నారో. గాయాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి, సింగిల్స్‌లో అత్యుత్తమ ర్యాంకు 83 వచ్చేసరికి 2018 అయింది. తొమ్మిదేళ్లు! ఆ తొమ్మిదేళ్లు ఆటని పట్టుకుని ఉన్నాడే, నాకు ఆ కప్పు కంటే అదే పెద్దగా కనిపిస్తుంది.

ఇప్పుడు వయసు రూల్ సంగతి. ఆడపిల్లల తల్లిదండ్రులు ఇది వింటే చాలు మండిపడతారు, మా అమ్మాయిని ఎందుకు ఆపుతున్నారని. మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ నడిపే డబ్ల్యూటీఏ రూల్ ప్రకారం పద్నాలుగు నిండకుండా ప్రొఫెషనల్ టోర్నీ ఆడకూడదు. పద్నాలుగేళ్లకి మామూలుగా ఏడాదికి ఎనిమిది టోర్నీలు, పదిహేనుకి పది, పదహారుకి పన్నెండు, పదిహేడుకి పదహారు. బాగా ఆడితే ఇంకొన్ని కలుపుతారు. పద్దెనిమిది నుంచి అడ్డులేదు. ఇది 1995 నుంచి ఉంది, దాని వెనక జెన్నిఫర్ కాప్రియాటి ఉంది. 1990లో పద్నాలుగు నిండకముందే ప్రొఫెషనల్ అయింది, మొదటి టోర్నీలోనే ఫైనల్‌కి వెళ్లింది. అదే ఏడాది ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్. 1992 ఒలింపిక్స్‌లో స్టెఫీ గ్రాఫ్‌ని ఓడించి బంగారు పతకం, అప్పటికి పదహారేళ్లు. 1993 యూఎస్ ఓపెన్ మొదటి రౌండ్‌లో ఓడాక ఆట వదిలేసింది. పదిహేడేళ్ల పిల్ల! ఆ తర్వాత పోలీసు కేసులు, పేపర్లలో ఫొటోలు, ఆ వయసులో ఎవరికీ రాకూడని కష్టం. మళ్లీ తిరిగొచ్చి 2001లో ఆస్ట్రేలియన్ ఓపెన్, ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి నంబర్‌వన్ అయింది, అది ఆవిడ గుండె ధైర్యం. కానీ పోయిన ఆ ఏళ్లని ఎవరు తెచ్చిస్తారు? ఆ రూల్ మీ అమ్మాయికి అడ్డుగోడ అనుకోకండి. ఇంకో పాప మీద పడ్డ దెబ్బ చూసి కట్టిన కట్టు అది.

నేను కూడా ఒక తప్పు చేశాను, ఇది చెప్పకుండా మిగతావన్నీ చెప్తే న్యాయం కాదు. ఒక అబ్బాయి, పదిహేడేళ్లు, మంచి ఎడంచేతి ఆట. పెద్ద ఛాలెంజర్‌కి వైల్డ్ కార్డ్ దొరికింది. వాడు ఇంకో ఆరు నెలలు ఎం15లు ఆడతానన్నాడు. నేనే వద్దన్నాను, ఇలాంటి అవకాశం మళ్లీ రాదని ఒప్పించాను. మొదటి రౌండ్‌లో ఘోరంగా ఓడాడు. అది ఫర్వాలేదు, ఓటమి ఓటమే. నా పొరపాటు ఆ తర్వాతది. వరసగా ఇంకో ఏడు టోర్నీలకి అదే స్థాయిలో తిప్పాను, ఒక్కటి గెలిస్తే అంతా సర్దుకుంటుందని. ఒక్కటీ గెలవలేదు. రెండు నెలల్లో ఆ కుర్రాడి సర్వీస్ టాస్, అంటే కొట్టే ముందు బంతిని పైకి ఎగరేసే తీరు, మారిపోయింది, బంతి తల వెనక్కి వెళ్లేది, చెయ్యి వణికేది. మళ్లీ మామూలు టాస్ రావడానికి ఏడాది పట్టింది. వాడు నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. అప్పట్నుంచి నా దగ్గరున్న పిల్లలకి ఒక లెక్క పెట్టుకున్నాను, పై స్థాయిలో రెండు టోర్నీలు ఓడితే, మూడోది గెలవగలిగే చోట ఆడిస్తాను. మ్యాచ్ ఎలా ముగించాలన్నది కూడా చేతికి అలవాటు తప్పకూడదు కదా.

ఏమ్మా, చెయ్యెత్తారు? అడగండి.

అవునండీ, మంచి ప్రశ్న. మైక్ లేదు కాబట్టి అందరికీ వినపడేలా మళ్లీ చెప్తాను. వాళ్ల అబ్బాయికి పదహారట, ప్రొఫెషనల్స్‌కి సిద్ధంగా ఉన్నాడో లేడో ఎలా తెలుస్తుందని అడుగుతున్నారు. అమ్మా, నేను చూసేది రెండే రెండు. మొదటిది, మ్యాచ్ ఓడాక గంటకి ఏం చేస్తున్నాడు? ఏడిస్తే తప్పు లేదు, ఏడవనివ్వండి, అప్పుడు మీరు కారులో మ్యాచ్ గురించి మొదలెట్టకండి. కానీ ఆ ఏడుపయ్యాక తిని, ఒళ్లు సాగదీసుకుని, "మూడో గేమ్‌లో నేను బ్యాక్‌హ్యాండ్ వైపు ఎందుకు వేశాను సార్" అని తనంతట తాను అడిగాడంటే వాడికి దారి ఉంది. ఎందుకంటే ప్రొఫెషనల్ అంటే దాదాపు ప్రతి వారం ఓడేవాడు. 32 మంది ఆడే టోర్నీలో 31 మంది ఓడే ఇంటికెళ్తారు, దాదాపు ప్రతి ప్లేయరూ ఏడాదిలో ఎక్కువ వారాలు ఆ 31 మందిలోనే ఉంటాడు. జూనియర్స్‌లో అన్నీ గెలిచిన పిల్లలకి ఈ బతుకు కొత్త, మొదటి ఆరు నెలలు నిద్ర పట్టదు.

రెండోది మీకు తెలిసిపోయుంటుంది. రెండో సర్వీస్. 30-40 ఉన్నప్పుడు, అంటే ఇంకో పాయింట్ పోతే గేమ్ పోయేటప్పుడు, వాడి రెండో సర్వీస్ చూడండి. 40-0 ఉన్నప్పటి లాగే చెయ్యి పూర్తిగా తిరుగుతోందా, లేక బంతిని అటు నెట్టేసి ఊపిరి బిగబట్టుకుంటున్నాడా? అది ఒక్క ప్రాక్టీస్‌తో వచ్చేది కాదు. కోకో గాఫ్‌ని చూడండి. 2019లో పదిహేనేళ్లకి, 313వ ర్యాంకుతో క్వాలిఫైయింగ్ ఆడి వింబుల్డన్‌లోకి వచ్చి వీనస్ విలియమ్స్‌ని ఓడించింది, ప్రపంచమంతా ఆ అమ్మాయి పేరే. మొదటి గ్రాండ్‌స్లామ్ 2023లో. ఆ తర్వాత కూడా, 2024 యూఎస్ ఓపెన్‌లో ఒకే మ్యాచ్‌లో 19 డబుల్ ఫాల్ట్‌లు చేసి ఓడింది. 2025లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాక కూడా సర్వీస్‌ని మళ్లీ అ ఆల నుంచి మొదలుపెట్టింది, దానికోసమే ప్రత్యేకంగా ఒక కోచ్‌ని పెట్టుకుంది. సబలెంకా అయితే 2022 మొదట్లో ఒక్క మ్యాచ్‌లో ఇరవైకి పైగా డబుల్ ఫాల్ట్‌లు, కోర్టులోనే కన్నీళ్లు. ఏడాది తిరిగేసరికి ఆస్ట్రేలియన్ ఓపెన్ చాంపియన్. అంత పెద్దవాళ్లే అందరూ చూస్తుండగా సరిచేసుకుంటున్నారు, మీ అబ్బాయికి పదహారేళ్లకే అంతా వచ్చెయ్యాలని ఎందుకమ్మా తొందర?

చదువు గురించి ఎవరో చీటీ రాసి పంపారు. ఒక్క మాటలో చెప్తాను, అమెరికాలో కాలేజీ టెన్నిస్ ఆడి వచ్చినవాళ్లూ ఉన్నారు. బెన్ షెల్టన్ 2022లో కాలేజీ చాంపియన్, 2023లో యూఎస్ ఓపెన్ సెమీస్. నాలుగేళ్లు ఆలస్యమైతే ఆట అయిపోతుందన్న రోజులు పోయాయి.

ఇందాకటి అమ్మాయి సంగతి మధ్యలో వదిలేశాను. ఆ 6-2, 6-1 తర్వాత రెండున్నరేళ్లు మేం చేసిన పని ఏంటో తెలుసా? రోజూ ప్రాక్టీస్ చివర్లో, కాళ్లు అలిసిపోయాక, ఒక బుట్టెడు బంతులు, అన్నీ రెండో సర్వీసులే. అవతల నేనే బేస్‌లైన్ లోపలికొచ్చి నిలబడేవాణ్ణి. మొదటి నెలలో మూడోవంతు నెట్‌లోకే వెళ్లేవి. నా నోట్‌బుక్‌లో లోపల పడ్డవి రాసుకోలేదు, చెయ్యి పూర్తిగా తిరిగినవాటికి మాత్రం టిక్ పెట్టేవాణ్ణి, బంతి ఎక్కడ పడినా సరే.

తర్వాత డబ్ల్యూ15 కంటే పెద్దదైన ఒక డబ్ల్యూ35లో, మెయిన్ డ్రా, అంటే అసలు టోర్నీ, రెండో రౌండ్. మూడో సెట్‌లో 4-4, 30-40. మొదటి సర్వీస్ బయటికి పోయింది. అవతలి ప్లేయర్ రెండడుగులు ముందుకొచ్చింది, అచ్చం ఆ రోజులాగే. నేను ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆపింది. చెయ్యి మొత్తం తిప్పి, బంతి గాల్లోకి లేచి ఆవిడ భుజం మీదికి దూకేలా వేసింది. జానెడు దూరంలో గీత బయట పడింది. డబుల్ ఫాల్ట్, గేమ్ పోయింది, కాసేపటికి మ్యాచ్ కూడా పోయింది. నేను నోట్‌బుక్ తీసి టిక్ పెట్టాను.

ఇక లేవండి, కోర్టు మీదికి వెళ్దాం. బుట్టలు పెట్టించాను. మొదటి సర్వీస్ ఎవరూ వేయకండి, అందరూ రెండోదే.